ఊరు చేరిన ముద్రలు.. సియోల్ రాజుల మ్యూజియంలో ఒక రోజు

కొరియా అంటే మనవాళ్లకు ఏం గుర్తొస్తుంది? చేతిలో శాంసంగ్ ఫోను, ఇంట్లో ఎల్జీ ఫ్రిజ్, రోడ్డు మీద హ్యుందాయ్ కారు. అనంతపురం వైపు వాళ్లనడిగితే ఇంకో పేరు కూడా కలుపుతారు.. కియా. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్లు తయారవడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియన్ హోటళ్లు వెలిశాయి. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరది. అక్కడికొచ్చిన కొరియా ఇంజనీర్లు ఏదో ఒక సెలవు రోజున గగన్ మహల్ చూసి, ఇంటికి ఫొటోలు పంపే ఉంటారు. మరి వాళ్ల దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనం వాళ్ల రాజుల ఇల్లు చూడొద్దూ?

చూడాలి చూడాలి అనుకుంటూనే మాలో కొందరికి ఇక్కడ ఆరేళ్లు గడిచిపోయాయి. వారమంతా ఆఫీసు, శనివారం సరుకులు, ఆదివారం నిద్ర. చివరికి మొన్న ఆగస్టు 15 సెలవుకి సువాన్‌లోని మా నాలుగు కుటుంబాలూ, దేజాన్‌లో రీసెర్చి చేస్తున్న ఒక బ్రహ్మచారి తమ్ముడూ కలిసి బయల్దేరాం. ఆగస్టు 15 మనకే కాదండోయ్, వీళ్లకూ పండుగే. 1945లో సరిగ్గా అదే తేదీన జపాన్ పాలన నుంచి బయటపడ్డారు. మనకన్నా రెండేళ్ల ముందు. అందుకే ఆ రోజు అపార్టుమెంట్ల బాల్కనీలకు జెండాలు కనిపిస్తాయి. మేం చూడబోయే నేషనల్ ప్యాలెస్ మ్యూజియం తలుపులు తెరిచింది కూడా 2005లో అదే రోజున.

సువాన్ నుంచి ఒకటో నంబర్ లైను ఎక్కి జోంగ్నో సామ్‌గా స్టేషన్లో దిగి, మూడో నంబర్ లైనుకి మారితే గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్ వస్తుంది. అయిదో నంబర్ ఎగ్జిట్ నుంచి బయటకొస్తే ఎదురుగా మ్యూజియమే. టికెట్ లేదు, ఉచితం. పిల్లల్ని వేసుకుని పది మంది వెళ్లే మనలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఏసీ చల్లగా తగిలేసరికి ఆగస్టు ఎండకు మాడిపోయిన పిల్లలకు ప్రాణం లేచొచ్చింది.

జీతం నోటు మీద బొమ్మ

ముందు రెండు ముక్కల్లో చరిత్ర. యీ సోంగ్‌గే అనే సేనాపతి 1392లో పాత వంశాన్ని దించేసి తానే రాజయ్యాడు. ఆయన మొదలుపెట్టిన జోసన్ వంశంలో 27 మంది సింహాసనం ఎక్కారు. 1910లో జపాన్ దేశాన్ని కలిపేసుకునే దాకా 518 ఏళ్లు ఒకే వంశం. విజయనగరం నాలుగు వంశాలు మారి మూడొందల ఏళ్లు చిల్లర నిలబడిందని తల్చుకుంటే ఇదెంత పెద్ద లెక్కో తెలుస్తుంది. మ్యూజియం పక్కనే ఉన్న గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్‌ని 1395లో కట్టారు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు తగలబడింది. ఆ తర్వాత దాదాపు 270 ఏళ్లు పాడుబడే ఉంది. 1860ల్లో మళ్లీ కట్టారు. మళ్లీ జపాన్ వాళ్లొచ్చి చాలా భవనాలు పీకేసి, 1926లో ప్యాలెస్ ముఖం కనబడకుండా ఎదురుగా తమ గవర్నర్ జనరల్ ఆఫీసు కట్టారు. ఆ రాతి కట్టడాన్ని కొరియా ప్రభుత్వం 1995, 96లలో కూల్చేసింది. ఇప్పుడు మనం చూసేది చాలావరకు తిరిగి నిలబెట్టుకున్నదే.

లోపలికి వెళ్లగానే మమ్మల్ని ఆపేసింది రాజు సింహాసనం వెనక ఉండే తెర. ఎర్రటి సూర్యుడు, తెల్లటి చంద్రుడు, మధ్యలో అయిదు కొండలు, రెండు పక్కలా జలపాతాలు, ఎర్ర మొద్దుల పైన్ చెట్లు, కింద అలలు. ఇర్వోలోబాంగ్‌దో అంటారు. రాజు ఎక్కడ కూర్చుంటే అక్కడ దీన్ని వెనక పెట్టాలి. ప్రయాణంలో అయినా సరే. చనిపోయాక ఆయన చిత్రపటం వెనక కూడా ఇదే. ముందు రాజు కూర్చుంటేనే బొమ్మ పూర్తయినట్టు లెక్కట. ఎక్కడో చూశామే అనుకుంటుంటే మా తమ్ముడు పర్సు తీసి పదివేల వాన్ నోటు చూపించాడు. సేజోంగ్ రాజు బొమ్మ వెనక ఉన్నది ఈ తెరే! నోటు తిప్పితే వెనక నక్షత్రాల పటం. దాని అసలు రాయి కూడా ఇక్కడే, కింది అంతస్తులో ఉంది. ఇన్నేళ్లు నెలనెలా లెక్కపెట్టుకుని ఇంటికి పంపిన నోటు మీద ఏముందో ఆ రోజే తీరిగ్గా చూశాం.

తాబేలు ముద్రల ప్రయాణం

ఈ మ్యూజియంలో మేం ఎక్కువసేపు నిలబడింది రాజముద్రల ముందు. ముద్ర అంటే మన తహసీల్దారు ఆఫీసు స్టాంపులాంటిది కాదు. ఇవి కాగితం మీద గుద్దడానికి చేసినవే కావు. రాజుకో, రాణికో, యువరాజుకో కొత్త బిరుదు ఇచ్చినప్పుడల్లా ఒక ముద్ర చేయించేవారు. బంగారు పూత వేసిన లోహంతోనో, పచ్చరాయి లాంటి జేడ్‌తోనో చేసి, పైన పట్టుకోవడానికి తాబేలు బొమ్మ పెట్టేవారు. మనిషి చచ్చిపోయినా బిరుదులు ఆగవు, ముద్రలూ ఆగవు. పోయాక వాటిని పూర్వీకుల గుడి జోంగ్మ్యోలో ఆత్మల పలకల దగ్గర దాచేవారు. ముద్రలతో పాటు ఆ బిరుదు ఎందుకిచ్చారో చెక్కిన జేడ్ పలకలు, వెదురు పలకలు, బంగారు రేకుల పుస్తకాలు కూడా ఉన్నాయి. 331 ముద్రలు, 338 పుస్తకాలు కలిపి మొత్తం 669 వస్తువుల్ని 2017లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

అన్నీ ఇక్కడే కదలకుండా ఉన్నాయా అంటే, లేవు. 1950లో యుద్ధం వచ్చింది. సియోల్ చేతులు మారింది, మళ్లీ మారింది. ఆ గందరగోళంలో ముద్రలు సైనికుల సంచుల్లో సముద్రం దాటాయి. ఓ అమెరికా సైనికుడు పట్టుకెళ్లిన తొమ్మిది ముద్రలు ఆయన పోయాక వారసుల ఇంట్లో బయటపడ్డాయి. 2014 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా సియోల్ వచ్చినప్పుడు వాటిని వెంట తెచ్చి అప్పగించారు. అందులో గోజోంగ్ చక్రవర్తి ముద్ర కూడా ఉంది. దాని మీద తాబేలు కాదు, డ్రాగన్. చక్రవర్తికి డ్రాగన్, రాజుకి తాబేలు. అదీ మర్యాద.

మున్‌జోంగ్ రాణి ముద్రది ఇంకో కథ. 1547లో చేసిన ఈ ముద్ర చేతులు మారి మారి 2000 సంవత్సరంలో లాస్ ఏంజెలస్ కౌంటీ మ్యూజియానికి అమ్ముడుపోయింది. ఇది మా పూర్వీకుల గుడిలోంచి దొంగిలించిందని కొరియా పౌరులు పట్టుబట్టారు. కాగితాలు, పాత రికార్డులు చూపించారు. ఆఖరికి 2017 జులైలో హ్యోన్‌జోంగ్ రాజు ముద్రతో కలిసి, అమెరికా పర్యటన ముగించుకుని వస్తున్న అధ్యక్షుడు మూన్ జే ఇన్ విమానంలో ఇంటికొచ్చింది. దేశాధ్యక్షుడి పక్కన ప్రయాణం చేసిన రాణిగారి ముద్ర! ఇంకా కొన్నిటి ఆచూకీ తెలియలేదు. వెతుకులాట నడుస్తూనే ఉంది.

ఆ ముద్ర ముందు నిలబడి మా వాళ్లలో ఒకాయన, ఆయనది గుంటూరు వైపు, అమరావతి స్తూపం పలకల సంగతి ఎత్తాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, ఆ తర్వాత 1859లో ఓడెక్కి లండన్ వెళ్లినవి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా ఉన్నాయి. లండన్‌లో ఉంటున్న మన పాఠకులు అక్కడికి కూడా టికెట్ లేకుండా వెళ్లి చూడొచ్చు. మన ఊరి రాయిని మనం పరాయి ఊళ్లో చూడటం ఎలా ఉంటుందో వాళ్లే చెప్పాలి.

జాడీలో దాచిన మావి

ఆడవాళ్లంతా ఒక అద్దాల పెట్టె దగ్గర గుమిగూడి కదలకపోతే ఏంటా అని వెళ్లాం. రెండు తెల్లటి పింగాణీ జాడీలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కన ఒక చదరపు రాతిపలక. ఊరగాయ జాడీలనుకున్నాం. తీరా చదివితే, రాజుగారింట బిడ్డ పుట్టినప్పుడు మావిని దాచిన జాడీలు!

బిడ్డ పుట్టగానే మావిని పదేపదే కడిగి చిన్న జాడీలో పెట్టేవారు. దాన్ని పెద్ద జాడీలో పెట్టి, మూత బిగించి, మంచి రోజు చూసి ఊరేగింపుగా ఒక మంచి కొండ మీదికి తీసుకెళ్లి పాతిపెట్టేవారు. పలక మీద బిడ్డ పుట్టిన తేదీ, మావి పాతిన తేదీ చెక్కేవారు. ఆ బిడ్డ ఆయుష్షు, దేశం బాగోగులు ఆ కొండ మీద ఆధారపడి ఉంటాయని నమ్మకం. ఆ కొండ మీద చెట్టు కొట్టకూడదు, పొలం దున్నకూడదు. దేశమంతా ఇలాంటి కొండలుండేవి. జపాన్ పాలనలో వీటిలో 54 తవ్వి తీసి, సియోల్ దగ్గర సోసామ్‌నుంగ్ అనే రాజుల శ్మశానంలో ఒకేచోట వరసగా పాతేశారు. కాపాడటానికని వాళ్లన్నారు. మా అవమానానికని వీళ్లంటారు.

మనకిది కొత్తా? మా అమ్మమ్మల కాలంలో పురుళ్లన్నీ ఇంట్లోనే. మావిని పెరట్లో లోతుగా గొయ్యి తీసి పాతి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవాళ్లు. ఎక్కడెక్కడ తిరిగినా బొడ్డు కోసిన ఊరు వదలదంటారు కదా. మాతో వచ్చిన వాళ్లలో ఒకావిడకి ఇద్దరు పిల్లలూ సువాన్ ఆస్పత్రిలోనే పుట్టారు. ఆవిడ ఆ జాడీ చూస్తూ, "వదినా, మా వాళ్లది ఆస్పత్రి వాళ్లే ఎక్కడో పారేసి ఉంటారు. రేపు బొడ్డు కోసిన ఊరేదంటే వీళ్లేం చెప్తారు?" అంది. పెద్దావిడ కాసేపు ఆలోచించి, "సువాన్ అని చెప్తారే. అబద్ధం కాదుగా" అంది. ఎవరూ నవ్వలేదు. గల్ఫ్‌లో పుట్టి, గల్ఫ్‌లో చదివి, వీసా అయిపోగానే 'మన ఊరు' వెళ్లిపోవాల్సిన పిల్లలున్న ఇళ్లు మన పాఠకుల్లో ఎన్నో. వాళ్లకు ఈ జాడీ ముందు ఏమనిపిస్తుందో మేం వేరే రాయక్కర్లేదు.

వానకో కొలత, గడియకో బంతి

కింది అంతస్తులో సైన్సు విభాగం. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడికే ముందు తీసుకెళ్లండి.

సేజోంగ్ రాజు కాలంలో, 1441 ప్రాంతంలో, వాన ఎంత పడిందో కొలవడానికి ఇనుప గొట్టం లాంటి పాత్ర తయారుచేశారు. పల్లెల్లోని అధికారులు వాన పడ్డప్పుడల్లా ఎంత నీరు నిలిచిందో కొలిచి పైకి రాసి పంపాలి. వాన లెక్క తెలిస్తే పంట లెక్క తెలుస్తుంది, పంట లెక్క తెలిస్తే శిస్తు ఎంత వేయాలో తెలుస్తుంది. అలాంటి వానపాత్రను నిలబెట్టిన పాలరాతి దిమ్మె ఒకటి ఇక్కడుంది. 1782లోది. నాలుగు పక్కలా అక్షరాలు. వాన కోసం రాజులు ఎంత తపించారో దాని మీద చెక్కించారు. మాలో పాలమూరు మనిషి ఒకడున్నాడు. వానల్లేక నాన్న ముంబై వలస పోతే, చదువుకుని తాను కొరియా వచ్చినవాడు. దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

అదే సేజోంగ్ 1430లో శిస్తు పద్ధతి మార్చే ముందు జనాన్ని అడిగించాడు. అధికారుల దగ్గర్నుంచి పల్లెటూరి రైతుల దాకా. 98,657 మంది సరే అన్నారు, 74,149 మంది వద్దన్నారు. గెలిచింది కదా అని వెంటనే అమలు చేయకుండా ఇంకో పద్నాలుగేళ్లు చర్చలు నడిపి 1444లో కొత్త పద్ధతి తెచ్చారు. అప్పట్లో ఓటేంటి, లెక్కేంటి! అక్షరాలు రాని జనానికి సులువుగా వస్తాయని హంగుల్ లిపి చేసింది కూడా ఈ రాజే. 1443లో చేసి 1446లో ప్రకటించాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆ గీతలు, సున్నాలు చూసి భయపడని తెలుగువాడు లేడు. వారం రోజులు కూర్చుంటే వచ్చేస్తాయి. మన గుణింతం లాగానే హల్లుకి అచ్చు చేర్చి ఒక్క ముద్దగా రాస్తారు. ఆ కిటుకు పట్టుకుంటే మనకు అందరికన్నా త్వరగా వస్తాయని మా నమ్మకం.

నీటి గడియారం కూడా చూడాల్సిందే. మన 'గడియ' అనే మాట కూడా నీటి కుండలోంచి వచ్చిందే కదా, ఘటిక నుంచి. వీళ్లది ఇంకో మెట్టు పైన ఉంది. పై పాత్రల్లోంచి నీళ్లు సన్నగా ధార కట్టి పొడవాటి గొట్టంలోకి దిగుతాయి. నీటితో పాటు లోపల కడ్డీ పైకి లేస్తుంది. లేచిన కడ్డీ చిన్న బంతిని తోస్తుంది. ఆ బంతి దొర్లి పెద్ద బంతిని కదిలిస్తుంది. దాంతో కొయ్యబొమ్మలు గంట, డోలు, జేగంట వాటంతటవే కొడతాయి. 1434లో సేజోంగ్ కొలువులో చేసిన మొదటి గడియారం ఇప్పుడు లేదు. 1536లో మళ్లీ చేసినదాని కంచు పాత్రలు, మీద డ్రాగన్లు పాకుతున్నట్టు పోతపోసిన ఎత్తైన గొట్టాలు మిగిలాయి. మేం చూసినవి అవే.

మొదటి గడియారం చేసిన జాంగ్ యోంగ్‌సిల్ గురించి తప్పకుండా చెప్పాలి. ఆయన పుట్టుక రీత్యా సర్కారు బానిస. తల్లి దోంగ్నే అనే ఊళ్లో కొలువు నాట్యగత్తె. పనితనం చూసి రాజు పైకి తెచ్చాడు. పుట్టుకే మనిషి తలరాతగా నడిచిన ఆ కాలంలో ఒక బానిసకి అధికారి హోదా ఇవ్వడానికి మంత్రులు ఒప్పుకోకపోయినా ఇచ్చాడు. 1442లో ఈయన పర్యవేక్షణలో తయారైన రాజు పల్లకి విరిగింది. అప్పుడు రాజు అందులో లేడు కూడా. అయినా కర్రదెబ్బల శిక్ష వేసి కొలువులోంచి తీసేశారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో రికార్డుల్లో ఎక్కడా లేదు. చేసిన వంద పనులు పోయి చెడిన ఒక్క పని లెక్కలోకి రావడం ఎలా ఉంటుందో ఫ్యాక్టరీల్లో, సైట్లలో పనిచేసే మనవాళ్లకు తెలియనిదా?

నక్షత్రాల రాయి ఈ గదిలోనే ఉంది. మనిషికన్నా ఎత్తు, నల్లటి రాయి. 1395లో చెక్కినది. 1,467 నక్షత్రాలు. వెలుగు ఎక్కువున్న చుక్కకి పెద్ద గుంట, తక్కువున్నదానికి చిన్న గుంట. అంతకుముందెప్పుడో పాత రాజ్యంలో ఇలాంటి రాయి ఉండేదనీ, యుద్ధంలో నదిలో మునిగిపోయిందనీ, దాని అచ్చు ప్రతి ఒకటి ఎవరో కొత్త రాజుకి తెచ్చిచ్చారనీ కథ. మనకు 27 నక్షత్రాలైతే వీళ్లు ఆకాశాన్ని 28 భాగాలు చేశారు. అశ్విని, భరణి చూపించమని మా పిల్ల ఒకటే గొడవ. రాయి ఎంతగా అరిగిపోయిందంటే చుక్కలు కనబడటమే కష్టం. పక్కనున్న స్క్రీన్ల మీద చూసుకోవాలి.

సగం కాలిన రాజు

జోసన్ రాజులందరికీ చిత్రపటాలు గీయించేవారు. కొరియా యుద్ధంలో వాటిని కాపాడదామని దక్షిణాన బూసాన్ రేవుకి తరలించారు. బాంబుల నుంచి కాపాడుకున్నారు. 1953లో యుద్ధం ఆగింది. 1954 డిసెంబర్ 26న బూసాన్‌లో అవి దాచిన గోదాము అంటుకుంది. పటాలు చాలావరకు బూడిదయ్యాయి. మిగిలిన కొద్దిలో ఒకటి 1861లో గీసిన చొల్‌జోంగ్ రాజు చిత్రం. సైనిక దుస్తుల్లో ఉన్న రాజు. మొహంలో ఒక పక్క ఉంది, పటంలో దాదాపు మూడో వంతు లేదు. కాలిన అంచు అలాగే వదిలేశారు. యోంగ్‌జో రాజు కుర్రవాడిగా ఉన్నప్పటి పటమూ అంతే, ఓ పక్క కాలిపోయింది. పట్టు బట్ట మీద రంగులు వెలుతురుకి పాడవుతాయని ఇలాంటి అసలు పటాల్ని ఎప్పుడూ బయట ఉంచరు, మార్చి మార్చి పెడతారు. మీరు వెళ్లినప్పుడు అసలుది లేకపోతే నకలైనా చూడండి.

కాలిన భాగాన్ని కొత్తగా గీసి అతికించొచ్చు కదా అని మాలో ఒకరన్నారు. మాకైతే ఇలా ఉంచడమే నచ్చింది.

రాజుల సంగతి రాసేవాళ్ల గురించి ఓ ముచ్చట. రాజు ఏం చేసినా, ఏం మాట్లాడినా రాసుకోడానికి కొలువులో చరిత్రకారులు ఎప్పుడూ ఉండేవారు. రాసింది రాజు చూడకూడదు. 1404లో తేజోంగ్ రాజు వేటకెళ్లి గుర్రం మీంచి పడ్డాడు. లేచి అటూ ఇటూ చూసి, ఈ సంగతి చరిత్రకారుడికి తెలియనివ్వొద్దన్నాడు. వద్దన్న సంగతితో సహా రాసిపెట్టారు! అలా పోగైన 1,893 సంపుటాలను 1997లో యునెస్కో గుర్తించింది.

పదేళ్లకు ఓడెక్కిన యువరాజు

మగపిల్లలు పరుగెత్తింది కార్ల దగ్గరికి. చివరి చక్రవర్తి సున్‌జోంగ్ వాడిన 1914 నాటి డైమ్లర్, ఆయన రాణి వాడిన 1918 కాడిలాక్. లోపల పట్టు గుడ్డలతో గుర్రబ్బండిలా ఉన్నాయి. ఒకటి ఇంగ్లండ్‌ది, ఒకటి అమెరికాది. అప్పటికే దేశం చేజారింది. రాజుకి మిగిలింది ప్యాలెస్, కారు, పింఛను లాంటి భత్యం. వందేళ్ల కిందట రాజుకి కూడా విదేశీ కారే దిక్కైన దేశం ఇప్పుడు పెనుకొండలో కార్లు చేస్తోంది.

ఆ రాజు ఇంటి పిల్లల కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. సున్‌జోంగ్ తమ్ముడు, యువరాజు యీ ఉన్, 1907 డిసెంబర్‌లో 'చదువు' పేరుతో జపాన్ వెళ్లాడు. అప్పటికి పదేళ్లు. వాళ్ల చెల్లెలు దోక్‌హే 1912లో పుట్టింది. తండ్రి గోజోంగ్‌కి లేకలేక లేటు వయసులో పుట్టిన కూతురు. ఆమెను 1925లో, పదమూడో ఏట, అలాగే చదువు పేరుతో పంపించేశారు. యువరాజుకి జపాన్ రాజకుటుంబం అమ్మాయి మసాకోతో 1920లో పెళ్లి చేశారు. దోక్‌హేకి 1931లో ఒక జపాన్ జమీందారీ కుటుంబంలో పెళ్లి చేశారు. ఆమె మనసు చెదిరింది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలో గడిపింది.

1945లో దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. కానీ వీళ్లకు రాలేదు. రాజులు తిరిగొస్తే ఎక్కడ పీట వేయాల్సొస్తుందోనని అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వం రానివ్వలేదు. అక్కడ పరాయివాళ్లు, ఇక్కడ అక్కర్లేనివాళ్లు. దోక్‌హే 1962లో తిరిగొచ్చింది. వెళ్లిన 37 ఏళ్లకి. యువరాజు 1963లో వచ్చాడు, స్ట్రోక్ వచ్చి ఒంటిమీద తెలివి లేని స్థితిలో, స్ట్రెచర్ మీద. 1970లో పోయాడు. ఆయన భార్య మసాకో, ఇక్కడివాళ్లు పిలిచే యీ బాంగ్‌జా, జపాన్‌కి తిరిగి వెళ్లలేదు. కొరియాలోనే ఉండి వికలాంగుల పిల్లల కోసం పనిచేసింది. వదినా మరదళ్లిద్దరూ చంగ్‌దోక్‌గుంగ్ ప్యాలెస్‌లోని నక్‌సోన్‌జే అనే ఇంట్లో ఉండేవాళ్లు. 1989 ఏప్రిల్ 21న దోక్‌హే, 30న యీ బాంగ్‌జా, తొమ్మిది రోజుల తేడాలో పోయారు.

వాళ్ల బట్టలు ఈ మ్యూజియంలో దాచారు. యువరాజు కుటుంబం దుస్తులు, నగలు 1991లో జపాన్ నుంచి వచ్చాయి. దోక్‌హే చిన్నప్పటి బట్టలు ఏడు, టోక్యోలోని ఒక దుస్తుల మ్యూజియం 2015లో తిరిగిచ్చింది.

మా పిల్లాడు అద్దానికి ముక్కు ఆనించి, "ఆ పాప వాళ్లమ్మ రానివ్వలేదా బాబాయ్?" అనడిగాడు. అమ్మ కాదురా, ఇమ్మిగ్రేషన్ అని వాళ్ల బాబాయి చెప్పాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుని ఇంట్లో చావుకి కూడా వెళ్లలేకపోయిన మన గల్ఫ్ అన్నలు ఎంతమంది! యువరాణి కథ చదివి అంతఃపురం వాళ్ల బాధ వేరనుకోలేకపోయాం.

లైబ్రరీలో పనిచేసిన ఆడమనిషి

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇది ఈ మ్యూజియంలో కాదు, యోంగ్‌సాన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కొరియాకి వెళ్తే తెలుస్తుంది. మా దేజాన్ తమ్ముడు దారిలో చెప్పుకొచ్చాడు.

రాజుల పెళ్లిళ్లు, అంత్యక్రియలు, ఊరేగింపులు ఎలా జరిగాయో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎంత ఖర్చయిందో, ఏ పనివాడికి ఎంత కూలిచ్చారో బొమ్మలతో సహా రాసిన పుస్తకాలుండేవి. ఉయిగ్వే అంటారు. 1866లో ఫ్రెంచి నౌకాదళం గంగ్‌హ్వా దీవి మీద పడి, అక్కడి రాజ గ్రంథాలయాన్ని తగలబెట్టి, వందల పుస్తకాలు పట్టుకుపోయింది. అవి ఏమయ్యాయో వందేళ్లు ఎవరికీ తెలియలేదు. పార్క్ బ్యోంగ్‌సోన్ అనే ఆవిడ 1955లో చదువుకోడానికి పారిస్ వెళ్లి, తర్వాత అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరింది. కొరియా పుస్తకాల కోసం ఏళ్ల తరబడి వెతికి వెతికి, 1975లో వెర్సై గోదాములో మూలన పడి ఉన్న వాటిని పట్టుకుంది. ఆ సంగతి బయటపెట్టినందుకు ఉద్యోగం పోయింది. అయినా మామూలు పాఠకురాలిలా రోజూ వెళ్లి ఒక్కొక్కటే తీయించుకుని చదివి, నోట్సు రాసుకుంది. 2011లో 297 సంపుటాలు కొరియా చేరాయి. ఇచ్చేసినట్టు కాదు, అయిదేళ్లకోసారి పొడిగించే అప్పు పద్ధతి మీద. అదే ఏడాది నవంబర్‌లో ఆవిడ పారిస్‌లో చనిపోయింది. సియోల్ జాతీయ శ్మశానంలో చోటిచ్చారు.

జపాన్ నుంచి కూడా అదే 2011 డిసెంబర్‌లో 1,205 పుస్తకాలు తిరిగొచ్చాయి. అందులో 167 ఉయిగ్వేలు. మొదట ఈ ప్యాలెస్ మ్యూజియంలోనే ఉంచారు. ఓదేసాన్ కొండల్లోంచి పట్టుకుపోయిన ఉయిగ్వేల కోసం 2023లో అక్కడే మ్యూజియం తెరిచి అక్కడికి చేర్చారు.

వెళ్లే వాళ్లకు

ఒక పూట కేటాయిస్తే సరిపోతుందనుకోవద్దు. మాకు మూడు గంటలు పట్టినా సంగీతం గది సగమే చూశాం. పదహారు రాళ్లు వేలాడదీసి వాయించే వాద్యం ఉంది, వీలైతే అది వినండి. ఇంగ్లిషులో వివరాలు అన్నిచోట్లా ఉన్నాయి. బ్యాగులకు లాకర్లున్నాయి.

తిండి సంగతి. శాకాహారులు బిబింబాప్ అడిగి, మాంసం, గుడ్డు వద్దని గట్టిగా చెప్పాలి. ఆ ఎర్రటి గొచుజాంగ్ ముద్ద కలుపుకుంటే మనకు నోరు చప్పబడదు. అన్నట్టు, రాజులు మొదట్లో కారం ఎరగరు. మిరపకాయ వీళ్లకూ మనకూ అమెరికా ఖండం నుంచి ఓడల మీద వచ్చిందే, అదీ 16వ శతాబ్దంలో. సేజోంగ్ తిన్న కిమ్చీలో కారం లేదు. ఆ మాటకొస్తే కృష్ణదేవరాయలూ గొడ్డుకారం తిని ఎరగడు.

మ్యూజియం ఉచితమే గానీ పక్కనున్న గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్‌కి టికెట్ ఉంది. మేం వెళ్లినప్పుడు పెద్దవాళ్లకు 3,000 వాన్. హన్‌బోక్ అద్దెకు తీసుకుని వేసుకుంటే అది కూడా అక్కర్లేదు, మా ఆడవాళ్లు అలాగే వెళ్లారు. ప్యాలెస్‌కి మంగళవారం సెలవు. వదినా మరదళ్లు ఉన్న నక్‌సోన్‌జే చూడాలంటే చంగ్‌దోక్‌గుంగ్ వెళ్లాలి. అక్కడ సెలవు సోమవారం. ఒక్క స్టేషన్ దూరం, ఆంగుక్‌లో దిగి నడవొచ్చు.